మేనమామ ఫొటో

"తీసెయ్యమంటే తీసెయ్యవేందే! నీతోనేగా చెప్తంది!"

ఆరోగ్యస్వామి అరుపు వీధిదాకా పోతోంది. ఆ ఇంట్లో ముందుగది స్టూడియో, వెనక రెండు గదులు కాపురం. రెంటికీ మధ్య ఒక నీలం పరదా తప్ప తలుపు లేదు. ఆ పరదాకి అవతల, పాస్‌పోర్టు ఫొటోలకి వచ్చేవాళ్ళు కూర్చునే బెంచీ మీద మల్లీశ్వరి పొద్దుటి నుంచీ కూర్చుని ఉంది. ఏడవటం లేదు, తిట్టటం లేదు. నిర్మల ఇచ్చిన టీ గ్లాసు పక్కన పెట్టుకుంది. అది మీగడ కట్టి చల్లారిపోయింది.

"మెల్లగా మాట్లాడండి. ఆమెకి వినపడుద్ది," అంది నిర్మల మొగుడి చెయ్యి పట్టుకుని.

"వినపడనీ! ఆమె మొగుణ్ణి మనం కొట్టామా? కొట్టినోళ్ళ ఇంటి ముందుకి పోయి కూర్చోమను. మన గడపే దొరికిందా ఆమెకి?"

అన్నాక ఆయనకే సిగ్గేసింది. పరదా వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, మళ్ళీ కూతురి మీద పడ్డాడు.

పింకీ మంచంపట్టె మీద కూర్చుని ఉంది. ఒళ్ళో ఫోను, ఫోనులో ఆ ఫొటో. పీట మీద కూర్చున్న నిఖిత తల వంచుకుని నవ్వుతోంది. మేనమామ వెంకట్రామయ్య ఆ పిల్ల భుజం మీద పచ్చ ఓణీ వేస్తున్నాడు. కళ్ళనీళ్ళు చెంపల మీదికి జారుతున్నా తుడుచుకోకుండా, ఆ పిల్లనే చూస్తున్నాడు. పింకీ కెమెరా పట్టిన ఇన్నేళ్ళలో అంత మంచి ఫొటో తీయలేదు. అదే ఆమె ఖర్మ.

ఆ ఫొటో కింద ఇప్పటికీ ఎర్రగుండెలు వచ్చి పడుతూనే ఉన్నాయి. 'మేనమామంటే ఇట్టా ఉండాలి' అని ఒకరు, 'ఏడిపించావు సిస్టర్' అని ఇంకొకరు. ఆ మేనమామ ఆదివారం సాయంత్రం నుంచి గుంటూరు ఆస్పత్రిలో కళ్ళు తెరవలేదని వాళ్ళకేం తెలుసు?

వెంకట్రామయ్యది మాచర్ల అవతల పల్లె. ఎన్నికల గొడవల్లో ఊరు రెండుగా చీలి కొట్టుకున్నప్పుడు అతని పేరూ బయటికొచ్చింది. మళ్ళీ ఊళ్ళో కనపడితే మనిషి మిగలడని అవతలివర్గం కబురు పంపింది. పొలం బీడు పెట్టి, పెళ్ళాం మల్లీశ్వరిని తీసుకుని నరసరావుపేట వచ్చి, ఎవరికీ చెప్పకుండా ఒక గదిలో తలదాచుకున్నాడు. ఏడాది పైన అయింది. పెళ్ళిళ్ళకి పోలేదు, చావులకి పోలేదు. కానీ చెల్లెలి కూతురు నిఖితకి ఓణీలు వేస్తుంటే మేనమామ ఎట్లా ఆగుతాడు? మేనమామ చేతి ఓణీ పడకపోతే ఆ వేడుకకి అర్థమేముంది? అందుకని సత్తెనపల్లి వెళ్ళి, హాలు వెనకగుమ్మం నుంచి లోపలికొచ్చాడు.

ఆ రోజంతా కెమెరా తనవైపు తిరిగినప్పుడల్లా స్తంభం చాటుకో, ఎవరి వీపు చాటుకో తప్పుకుంటూనే ఉన్నాడు. పింకీ అది చూసింది. చూసి నవ్వుకుంది కూడా, పల్లెటూరి మనిషి సిగ్గుపడుతున్నాడని. పుట్టి పెరిగింది పల్నాడులోనే. అయినా కెమెరాని చూసి మొహం తిప్పుకునే మగవాడికి సిగ్గు కాక ఇంకో కారణం ఉండొచ్చని తట్టలేదు. ఓణీ వేసేటప్పుడు మాత్రం అతను కెమెరాని మర్చిపోయాడు. పింకీ నొక్కేసింది.

భోజనాల దగ్గర నిలబడే దాన్ని పేజీలో పెట్టింది. మేకప్ వేసినామెని, లంగా కుట్టిన బొటిక్‌ని, విజయవాడలో పెద్ద పెద్ద పెళ్ళిళ్ళు చేయించే పేజీని, అందరినీ ట్యాగ్ చేసింది. ఆమె బతుకుతెరువే అది. నరసరావుపేట లాంటి ఊళ్ళో ఆడపిల్ల కెమెరా భుజాన వేసుకుంటే పెళ్ళి పనులు ఎవరు పిలిచి ఇస్తారు? ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక్కొక్కరినీ మెచ్చుకుని, పలకరించి, పండగలకి శుభాకాంక్షలు చెప్పి, పరిచయాలు కూడబెట్టుకుంది. అడిగినవాడికి అడిగిన నిమిషంలో జవాబిస్తుందని పేరు తెచ్చుకుంది. మంచి పేరే. కొంప ముంచిందీ ఆ పేరే.

ఫొటో పెట్టిన కాసేపటికే 'పూలపల్లకి ఈవెంట్స్' అనే పేజీ నుంచి ఒక కామెంటు వచ్చింది. 'సూపర్ అక్కా. లైటింగ్ అదిరింది. ఏ హాలు? ఇంకా ఎంతసేపుంటారు అక్కడ?' పింకీ వెంటనే హాలు పేరు రాసి, 'భోజనాలు నడుస్తున్నాయి, సాయంత్రం దాకా ఇక్కడే' అని నవ్వుబొమ్మ కూడా పెట్టింది. ఆ సాయంత్రమే, సత్తెనపల్లి నుంచి తిరిగొచ్చే దారిలో, వెంకట్రామయ్య బండికి అడ్డంగా కారు పెట్టి రాడ్లతో కొట్టారు.

"అక్కా, ఫొటో మొత్తం తీసెయ్యక్కర్లా," అన్నాడు బాబీ. పింకీ తమ్ముడు, డ్రోన్ ఎగరేసేది, వీడియోలు తీసేది అతనే. "ఆ కామెంటు ఒక్కటి తీసెయ్. నీ జవాబు కూడా దాంతోనే పోద్ది."

"పోతే?"

"పోతే మనం ఎవరికీ ఏమీ చెప్పినట్టు కాదు."

"చెప్పాను గదరా."



"ఆదివారం చర్చిలో పూజ ఎగ్గొట్టి ఫంక్షన్‌కి పోబాకే అని నేనప్పుడే మొత్తుకున్నా," అంది నిర్మల, జపమాల వేళ్ళకి చుట్టుకుంటూ. "విన్నావా?"

"పూజకి పోయుంటే ఆ ఫొటో ఇంకెవరో తీసుండేవాళ్ళమ్మా."

"తీయనీ! వాళ్ళ కొంపే మునిగేది. మనది కాదుగా!"

నిర్మల చెడ్డది కాదు. భయపడ్డ తల్లి నోటికి మంచీ చెడూ ఉండవు. ఆ సంగతి పింకీకి తెలుసు, అయినా కోపం వచ్చింది.

"నాన్నా, ఆదివారం మధ్యాహ్నం టీకొట్టు దగ్గర ఈ ఫొటో అందరికీ చూపించింది మీరు కాదా? మా అమ్మాయి తీసిందీ, విజయవాడ వాళ్ళు కూడా పెట్టుకున్నారూ అని చెప్పింది మీరు కాదా? ఇయ్యాళ తీసెయ్యమంటే ఎట్టా?"

ఆరోగ్యస్వామి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నిజమే మరి. ఆయన కూడా ఆ గుండెలు లెక్కపెట్టుకుని మురిసినవాడే.

"ఆ విజయవాడ ఆమె ఏం రాసిందో చూడండి," అని పింకీ ఫోను పైకెత్తింది. "'డియర్, ఆ ఫొటో ఏదో కేసులో ఉందంటగా, మా పేరు తీసెయ్యండి ప్లీజ్.' ఏడాది పాటు ఆమె పెట్టిన ప్రతిదానికీ గుడ్ మాణింగ్ చెప్పాను. మనిషి బతికున్నాడా అని ఒక్కమాట అడగలా."

"అడగరు. ఎవరి గొడవ వాళ్ళది," అన్నాడు బాబీ. "మన గొడవ మనం చూసుకోవాలి. పూలపల్లకి అంటే తేజన్న. మాచర్ల వైపు, గురజాల వైపు మనకి ఎన్ని ఫంక్షన్లు ఇప్పించాడు! అతని పేరు బయటికొస్తే ఇంక అటు మనం అడుగుపెట్టలేం."

పరదా కదిలింది.

మల్లీశ్వరి లోపలికొచ్చింది. ఎండకి వాడిన మొహం, ఆస్పత్రి వరండాలో నలిగిన చీర. నలుగురూ ఒక్కసారే లేచి నిలబడ్డారు. ఎంత విన్నదో ఎవరికీ తెలీదు.

"స్వామన్నా, నేను గొడవకి రాలా," అంది. "ఒక్క సంగతి చెప్తే లేచిపోతా. పింకమ్మా, ఆ పల్లకీ ఎవరిది?"

బాబీ అక్క వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"నాకు చదువు రాదు. ఆస్పత్రిలో మా నిఖిత చదివి చెప్పింది. ఏ హాలు అని అడిగినోడు ఒకడున్నాడంట గదా. వాడి బొమ్మలో మొహం లేదు, పల్లకీ ఉంది. స్టేషన్లో చెప్తే, పేరు పట్టుకు రామ్మా, పల్లకీని అరెస్టు చెయ్యమంటావా అన్నారు."

"మాకేం తెలుసు తల్లీ," అన్నాడు ఆరోగ్యస్వామి, కూతురి కంటే ముందు. "ఫోన్లో వెయ్యిమంది అడుగుతుంటారు. మొహం తెలీనోళ్ళు."

మల్లీశ్వరి ఆయన వైపు చూడలేదు. పింకీ వైపే చూస్తోంది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేదని పింకీకి అనిపించింది.

"తెలుసు పిన్నీ," అంది.

"పింకీ!" అంది నిర్మల.

"తేజ. మాచర్లలో డెకరేషన్ పనులు చేస్తాడు."

మల్లీశ్వరి చెయ్యి గోడ మీదికి పోయింది. "ఏ తేజ? కోటమ్మ కొడుకా? బక్కగా ఉంటాడు, కుడిచెవికి పోగు?"

"అవును."

"మా వీధేనమ్మా వాళ్ళది. వాళ్ళమ్మ నాకు వదిన వరసవుద్ది." మెల్లగా మంచం మీద కూలబడింది. "వాడికి చిన్నప్పుడు డెంగీ వస్తే, మీ బాబాయే బండి మీద కూర్చోబెట్టుకుని పేటకి తెచ్చాడు. దారంతా వాడి తల భుజానికి ఆనించుకుని తెచ్చాడంట."

నిర్మల జపమాల తిప్పటం ఆపేసింది.

"వాడు అట్టాంటోడు కాదు పిన్నీ," అంది పింకీ, తొందరతొందరగా. "వాడు ఎప్పుడూ అట్టాగే అడుగుతాడు, హాలేంది, లైట్లేంది అని. వాడి పనే అది. ఉండు, నీ ముందే అడుగుతా."

"అక్కా, వద్దు," అన్నాడు బాబీ. అప్పటికే నంబరు నొక్కేసింది. తేజ అమాయకుడని ఇప్పుడు ఈ గదిలో అందరికంటే పింకీకే ఎక్కువ కావాలి. వాడు అమాయకుడైతేనే తనూ అమాయకురాలు.

స్పీకరు పెట్టింది.

"అక్కా!" తేజ గొంతు హుషారుగా ఉంది. వెనక ఎక్కడో స్టేజీకి మేకులు కొడుతున్నారు. "నీకే చేద్దామనుకుంటున్నా. గురజాల వాళ్ళు ఓకే అన్నారక్కా. వచ్చే ఆదివారం. ఫొటోలూ డ్రోనూ రెండూ మనయ్యే."

"తేజా, మొన్న ఆ హాలు ఎందుకడిగావు?"

"ఏ హాలు?"

"సత్తెనపల్లి హాలు."

మేకుల చప్పుడు దూరమైంది. పక్కకి నడిచినట్టున్నాడు.

"లైటింగ్ బాగుందని అడిగానక్కా."

"ఎంతసేపుంటారని కూడా అడిగావు."

"అక్కా..." ఈసారి గొంతు మెత్తగా, బుజ్జగిస్తున్నట్టుగా ఉంది. "ఇయ్యన్నీ మనకెందుకక్కా? ఆ ఫొటో నా ఫోన్లో మా బాబాయి చూశాడు. ఆ హాలేందో కనుక్కోరా అన్నాడు. కనుక్కున్నా. ఆ తర్వాత సంగతి నాకూ తెలీదు, నీకూ తెలీదు. నువ్వు ఫొటో పెట్టావు, నేను కామెంటు పెట్టా. మన పని మనం చేసుకున్నాం, అంతేగా?"

మన పని. ఇన్నాళ్ళూ వాడు అక్కా అన్నప్పుడల్లా పింకీ తను పైకొస్తున్నానని సంబరపడింది.

"తేజా," అంది మల్లీశ్వరి. "నేన్రా. మల్లీశ్వరత్తని."

ఫోను వైపు ఇంకాస్త వంగింది.

"మీ మావకి ఇంకా తెలివి రాలేదురా. నువ్వడిగావని తెలిస్తే నమ్మడు. అందుకే ఎవరైనా చెప్తారేమోనని పొద్దుటి నుంచి ఇక్కడ కూర్చున్నా."

ఫోను ఠక్కున ఆగిపోయింది.

"విన్నావు గదా పిన్నీ! చాలు. పద, స్టేషన్లో వాడి కామెంటు కూడా చూపిద్దాం," అని పింకీ పేజీ తెరిచింది. ఫొటో ఉంది. గుండెలున్నాయి. 'ఏడిపించావు సిస్టర్' ఉంది. కిందికి జరిపింది, పైకి జరిపింది. మూసి మళ్ళీ తెరిచింది.

"లేదు."

బాబీ ఫోను లాక్కుని చూశాడు. "వాడి కామెంటు వాడే తీసేసుకున్నాడు. దాంతో నీదీ పోయింది."

పొద్దుటి నుంచి రాత్రిదాకా ఎవరెవరివో ఫొటోలు తీసే మనిషి. ఆ కామెంటు ఉన్న తెరని ఫొటో తీసి దాచుకోవాలని మాత్రం తట్టలేదు. నిజానికి అది కళ్ళబడితే చాలు, భయమేసి మూసేస్తోంది ఈ మూడు రోజులుగా. పింకీ తలకాయ రెండు చేతులతో పట్టుకుంది.

ఆరోగ్యస్వామి నుదుటి మీద శిలువగుర్తు వేసుకున్నాడు. "దేవుడే తీసేశాడు. ఇంక మా దగ్గరేం లేదమ్మా మల్లీశ్వరీ. నువ్వే చూశావుగా. ఈ ఇంటికీ దానికీ సంబంధం లేదు."

"ఫోన్లో లేకపోతే పోయింది స్వామన్నా. పిల్ల విన్నది గదా? నోటితో చెప్తే చాలు."

"నువ్వూ విన్నావుగా. నువ్వే చెప్పు."

"నేను చెప్తే పగబట్టి చెప్పిందంటారు. మా ఆడపడుచు చెప్పినా, నిఖిత చెప్పినా అంతే. మా ఊళ్ళో రెండు వర్గాల్లో ఎవరి మాటకీ విలువ లేదు. నీ బిడ్డకి మా గొడవల్లో పగా లేదు, ప్రేమా లేదు. దాని మాట నమ్ముతారు."

"నమ్మితే? హాలు చెప్పింది నువ్వేగా అంటారు దాన్ని! రేపు పేపర్లో వేస్తారు. ఫొటో తీసి మనిషిని పట్టించిన పిల్లని ఇంక ఏ ఇంట్లో పిలుస్తారమ్మా ఫంక్షన్‌కి? ఎవరు రానిస్తారు?"

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. పల్నాడులో ప్రతి ఇంటికీ దాక్కోవాల్సిన చుట్టం ఎవరో ఒకరుంటారు. ఆ కెమెరా లోపలికొస్తుందంటే ఇంక ఎవరూ గుమ్మం తియ్యరు. పింకీ ఇన్నేళ్ళుగా ఒక్కో పలకరింపుతో కట్టుకున్నదంతా ఒక్క వాంగ్మూలంతో కూలిపోతుంది. అది ఆమెకి తండ్రి కంటే బాగా తెలుసు.

పింకీ చెప్పులు వెతుక్కుంది.

"నేను చెప్పిన మాటకేగా మనిషి పడిపోయింది," అంది. "ఇంకో మాట చెప్పటానికి నోరు రాకపోతే ఎట్టా నాన్నా? వస్తా పిన్నీ. పద."

ఆరోగ్యస్వామి కుర్చీలో కూర్చుండిపోయాడు. బాబీ ఏదో అనబోయాడు. అప్పుడే అతని జేబులో ఫోనుకి మెసేజి వచ్చిన చప్పుడైంది. తీసి చూశాడు. మొహం పాలిపోయింది.

"ఏందిరా?" అంది నిర్మల.

"ఏం లేదమ్మా."

"చదువు."

తేజ పంపిన మెసేజి బాబీ చదివాడు.

"'తమ్ముడూ బాబీ, ఆదివారం గురజాలకి డ్రోన్ నువ్వే తెస్తున్నావుగా. దారి అంత మంచిగా లేదు. ఒక్కడివే రాబాకు. అక్కకి కూడా చెప్పు.' చివర దణ్ణం బొమ్మ పెట్టాడు."



నిర్మల పరదా తోసుకుని స్టూడియోలోకి పోయింది. పింకీ వెనకే వెళ్ళేసరికి ఆమె వీధిగుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. రెండు చేతులూ ద్వారబంధానికి చెరోవైపు ఆనించింది. జపమాల కుడిచేతి నుంచి వేలాడుతోంది.

"అమ్మా, ఏందిది?"

"నాకున్నది ఒక్క కొడుకే," అంది నిర్మల. ఇప్పుడు ఆమె అరవటం లేదు. "పోవాలనుకుంటే నా మీద నుంచి పో."

మల్లీశ్వరి వచ్చి పింకీ పక్కన నిలబడింది. చాలాసేపు నిర్మలనే చూసింది. ఆమె చేతుల్ని, ఆ నిలబడ్డ తీరుని.

"అక్కా, ఆదివారం పొద్దున నేనూ ఇట్టాగే నిలబడ్డా," అంది చివరికి. "ఈయన చెప్పులేసుకుంటుంటే తలుపుకి అడ్డం పోయి, ఇదే మాటన్నా. నా మీద నుంచి పో అని. ఇద్దరం పోతే కనపడతాం, నువ్వు ఉండిపో, నేను ఓణీ వేసి వెంటనే వచ్చేస్తా అన్నాడు. గడ్డం పట్టుకుని బతిమాలాడు. అప్పుడు తప్పుకున్నా."

నిర్మల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చేతులు మాత్రం దించలేదు.

"నేను తప్పుకోకుండా ఉండాల్సిందక్కా," అంది మల్లీశ్వరి. "అందుకే నిన్ను తప్పుకోమనలేను. ఆ మాట నా నోటికి రాదు."

వెళ్ళి, పొద్దుటి నుంచి కూర్చున్న బెంచీ మీదే మళ్ళీ కూర్చుంది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. పొద్దుటి నుంచి ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.

పింకీ ఇద్దరి మధ్యా నిలబడిపోయింది. ఒకవైపు వెళ్ళమని అడగటం మానేసిన మనిషి, ఇంకోవైపు వెళ్ళనివ్వని తల్లి. వెళ్ళమని ఎవరైనా ఒక్కరు అని ఉంటే ఇంత కష్టమయ్యేది కాదు.

"అమ్మా," అంది. "తప్పుకో."

నిర్మల తల అడ్డంగా ఊపింది. ద్వారబంధం మీద ఆమె వేళ్ళు ఇంకా బిగిశాయి. పింకీ ముందుకి అడుగేసి, తల్లి చెయ్యి పట్టుకుని ద్వారబంధం నుంచి విడదీయబోయింది.